దీపం ముందు చింతపిక్క

తాడు కొసను కుడికాలి బొటనవేలి కింద తొక్కిపట్టి, విడదీసిన పాయల్ని ఒకదాని కింద నుంచి ఒకటి దూరుస్తూ బుల్లియ్య తాడుకు కన్ను, అంటే గుంజకు తగిలించే ఉచ్చు, వేస్తున్నాడు. ఇంకా తెల్లవారలేదు, ఏరు కనిపించడం లేదు. రేవు గుంజలకు నీళ్ళు తగిలి చప్పుడు చేస్తున్నాయి కాబట్టి ఏరు ఉందని తెలుస్తోంది, అంతే. మధ్యమధ్య కొబ్బరినూనె సీసా వంచి రెండు చుక్కలు అరచేతిలో వేసుకుంటున్నాడు. ఆ అరచేతుల్లో గీతలేవీ మిగల్లేదు. నైలాను తాళ్ళు వాటిని కోసి, కాల్చి, అరగదీసి చెప్పు అడుగులా చేశాయి. ఎడమచేతి చిటికెనవేలికి పైకణుపు లేదు. నర్గీస్ తుఫాను వచ్చిన ఏడు తాడుకీ గుంజకీ మధ్య పడి నలిగిపోయింది. ఆ సాయంత్రం లాంచీ తాడు కూడా అతనే పట్టాడు, చేతికి గుడ్డ చుట్టుకుని.

అహ్లోన్ రేవులో బుల్లియ్య కళాసీ. ట్వంటే కాలువకు వెళ్ళే లాంచీలు ఒడ్డుకు వస్తే తాడు అందుకుని గుంజకు వేస్తాడు. బయలుదేరేటప్పుడు విప్పుతాడు. తండ్రి ఇదే పని పెద్ద ఓడలకు చేశాడు. తాత విశాఖపట్నంలో ఓడ ఎక్కి ఈ పరాయిదేశం వచ్చింది బియ్యం మిల్లుల్లో బస్తాలు మోయడానికి.

వెనకాల తాళ్ళ పాకలో గోనెసంచుల మీద అతని మనవరాలు జయ మోకాళ్ళు దగ్గరికి తీసుకుని కూర్చుంది. చెంపల మీద రోజూ పూసే తనకా చెక్క గంధం ఇవాళ పూసుకోలేదు. పక్కన అన్నం క్యారియరు, ఒక గుడ్డ సంచి ఉన్నాయి. క్యారియరు రోజూ వచ్చేదే. సంచి ఇవాళే వచ్చింది.

మొన్న వార్డు మనిషి ఇంటికి వచ్చి, సైన్యం పిలుపుకు ఆడపిల్లల పేర్లు కూడా రాసుకుంటున్నామన్నాడు. జయ స్వయంగా వచ్చి సంతకం పెట్టాలన్నాడు. రాసుకోవడమే, పిలవడం కాదు అని నవ్వాడు. పక్క వీధి కుర్రవాళ్ళకూ మొదట అదే చెప్పారు. అందుకని ఇవాళ ఆఖరి లాంచీకి జయ వెళ్ళిపోతుంది. ట్వంటే దగ్గర కుండలు చేసే ఊళ్ళో బుల్లియ్య మరదలు అచ్చమ్మ ఉంది. కొన్నాళ్ళు అక్కడ. ఆ తర్వాత ఎక్కడికన్నది జయ చెప్పలేదు, అతను అడగలేదు. తెలియనివాడి నోట్లోంచి ఎవరూ ఏమీ లాగలేరు.

"మావా, ఏరు కాళీయేనా?" లాంచీ మీద నుంచి దాన్ని నడిపే సరంగు కోటిబాబు అరిచాడు. నోట్లో కిళ్ళీ ఉండడం వల్ల మాట సగమే బయటికి వచ్చింది.

బుల్లియ్య తాడు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. ఏటిని చూడలేదు. చీకట్లో ఏటిని చూసి లాభం లేదు. అవతలి ఒడ్డు దీపాలను చూశాడు. ఐసు ఫ్యాక్టరీది ఒకటి, నూనె ట్యాంకుల దగ్గర ఒకటి, పగోడా కొనమీద ఒకటి. చిన్న తెడ్డు పడవలు, సంపాన్లు, దీపం పెట్టుకోవు. కానీ అవి దాటేటప్పుడు అవతలి దీపం ఒకటి ఆరి, మళ్ళీ వెలుగుతుంది. ఎంతసేపు ఆరిందో చూస్తే సంపానో ఇసుక బార్జో తెలుస్తుంది. తండ్రి నేర్పిన విద్య అది. రేవులో తెల్లవారుజామున పని మొదలుపెట్టిన ప్రతి కళాసీకీ తెలిసినదే.

"ఆగు. సంపానొకటి వత్తంది."

"కాకేమో మావా! లేపోతే నీ కంట్లో పువ్వేమో."

"కాకయితే రెప్పేసినంతలో పోద్ది. ఇది బరువుగా దాటింది. ఇంజనాపు."

మంచు పొరలోంచి కాయగూరల సంపాన్ ఒకటి లాంచీ ముక్కు ముందు నుంచి సాగిపోయింది. దాన్ని తెడ్డేస్తున్న ముసలమ్మ కోటిబాబు వైపు తలెత్తి కూడా చూడలేదు. కోటిబాబు ఏటిలోకి ఎర్రగా ఉమ్మి, గంట కొట్టాడు.

పాకలో జయ నవ్వింది. ఇవాళ అదే మొదటి నవ్వు.

జయ కూడా అదే పని చేస్తుంది. ఈ మాట బుల్లియ్య నమ్మడానికి చాలాకాలం పట్టింది.

ఆక్సిజన్ సిలిండర్ల కోసం ఊరంతా వానలో వరసకట్టిన ఏడాది జయ తల్లి రాధాకుమారి పోయింది. అప్పటికే కాలేజీలు మూతపడ్డాయి. తెరిచాక జయ తిరిగి వెళ్ళలేదు. ఫోన్లు బాగుచేసే కొట్లో కూర్చుని, ఖాళీ దొరికినప్పుడల్లా తన ఫోన్లో చుక్కలు చూసేది. నిలువునా అడ్డంగా గీతలు, వాటి మధ్య చీమల బారులా చుక్కలు. ఆకాశంలోకి పంపిన టెలిస్కోపు ఒకటి ఒక్కో నక్షత్రం వెలుగునూ రోజుల తరబడి కొలిచి కిందికి పంపుతుందట. లక్షల నక్షత్రాలట. అవన్నీ చూడడానికి యంత్రాలూ ఉన్నాయి, పెద్ద చదువుల వాళ్ళూ ఉన్నారు. అయినా చాలక, చూస్తామన్నవాళ్ళందరికీ పంచుతారు. ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చుని, వెలుగు ఎక్కడైనా కొంచెం తగ్గిందేమో చూసి గుర్తు పెడతారు. తగ్గిందంటే ఆ నక్షత్రం ముందు నుంచి ఏదో దాటిందన్నమాట. మన సూర్యుడి చుట్టూ మన భూమి తిరిగినట్టు, దాని చుట్టూ తిరిగే గ్రహం.

ఇదంతా తాతకు అర్థమయ్యేలా చూపించడానికి జయ ఒకరోజు చారులో పిసికిన చింతపండులోంచి ఒక పిక్క తీసి, దారం కట్టి, వాసానికి వేలాడదీసింది. పిక్క సరిగ్గా గదిలో ఉన్న ఒక్క బల్బు ముందుకు వచ్చింది. ఒకసారి ఊపి వదిలింది. ఫోన్లో వెలుగు కొలిచే ముల్లు, పిక్క బల్బును దాటినప్పుడల్లా వెంట్రుకవాసి దిగి మళ్ళీ లేచింది.

"ఇదేటే! ఇది మా కళాసీల పనే కదా. దీనికి సదువెందుకు?" అన్నాడు బుల్లియ్య.

"నీ సంపాను దగ్గరకొచ్చాక కనపడతాది తాతా. ఇది ఎప్పటికీ కనపడదు. నీడే."

"మరి ఎంత పెద్దదో ఎలా తెలుత్తాది?"

"ఎంత మసకేసిందో దాన్ని బట్టి. ఎన్నాళ్ళకోపాలి దాటుతాదో, అది దాని ఏడాది."

"రేవుంటాదేటి అందులో?"

"తెలీదు."

"నీళ్ళు?"

"తెలీదు తాతా."

"మరి నీకు తెలిసిందేటే?"

"ఉందని తెలుసు," అంది జయ. తల్లి పోయాక ఆ పిల్ల గొంతు అంత గట్టిగా పలకడం అతను అప్పుడే విన్నాడు.

ఇంకో సంగతి కూడా చెప్పింది. ఒకసారి మసకబారితే ఎవరూ లెక్కలోకి తీసుకోరు. యంత్రం తప్పో, పక్క నక్షత్రం వెలుగో అంటారు. రెండోసారి మసకబారితే, చూద్దాం అంటారు. అన్నే రోజుల ఎడంతో, అంతే మసకతో మూడోసారి వస్తే అప్పుడు పెద్దవాళ్ళు తమ పెద్ద టెలిస్కోపులు అటు తిప్పుతారు. ఇలా పట్టుకున్న గ్రహాలు వేలల్లో ఉన్నాయట.

ఆ మాట విని బుల్లియ్య బల్బు ముందు ఊగుతున్న పిక్కను చూస్తూ కూర్చున్నాడు. అతని ఎరుకలో ఏరు దాటి వెళ్ళిపోయిన తనవాళ్ళెవరూ రెండోసారి దాటి రాలేదు.

అతనికి పాలపళ్ళు ఊడే వయసులో, ఊళ్ళో కొట్లూ మిల్లులూ ప్రభుత్వం తీసేసుకున్న రోజుల్లో, తెలుగువాళ్ళు ఓడలకు ఓడలుగా విశాఖపట్నం వెళ్ళిపోయారు. తల్లి, అక్క దేముడమ్మ ముందు ఎక్కారు. తండ్రీ అతనూ తరవాతి ఓడకు రావాలి. తల్లీ అక్కా ఎక్కిన ఓడకు తాళ్ళు విప్పే వంతు తండ్రిదే. కానీ తన మనిషి ఎక్కిన ఓడ తాడు కళాసీ తన చేత్తో విప్పడు. విప్పితే తెంచుకున్నట్టే అంటారు. అందుకని తండ్రి పక్కకు తప్పుకుని, నాగేంద్ర అనే తోటి కళాసీని పిలిచాడు. నాగేంద్ర విప్పాడు. తండ్రి ఏటికి వీపు పెట్టి, ఓడ కూత వినిపించనంత దూరం వెళ్ళేదాకా అలాగే నిలబడ్డాడు. తండ్రి ఎక్కాల్సిన ఓడకు కాగితాలు రాలేదు. తరవాత ఓడలే రాలేదు. ఆచారం తప్పకుండా పాటించిన ఆ మనిషి చనిపోయేదాకా ఊళ్ళోకి వచ్చిన ప్రతి ఓడ తాడూ పట్టాడు. ఆ రెండు ముఖాలూ ఏ ఓడలోంచీ దిగలేదు.

ఎండ ఎక్కింది. ఇవాళ కూడా బుల్లియ్య వచ్చిన లాంచీలకు తాడు వేశాడు, వెళ్ళేవాటికి విప్పాడు. కోళ్ళ గంపలు, కుండల కట్టలు, సైకిళ్ళు దిగాయి, ఎక్కాయి. రేవు ద్వారం దగ్గర బల్ల వేసుకుని ఇద్దరు మనుషులు కార్డులు చూస్తున్నారు. కుర్రవాళ్ళ ఫోన్లు అడిగి తీసుకుని తెరిచి చూస్తున్నారు. బుల్లియ్య అటు చూడలేదు. పాక వైపు కూడా చూడలేదు. ఎవరైనా అతన్ని చూస్తుంటే, అతను ఎటు చూస్తున్నాడో కూడా చూస్తారు.

తోటి కళాసీ అప్పయ్య వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఇద్దరూ ఒకే ఈడువాళ్ళు. ఒకే లుంగీ మీద రెండు కాలాలు నెట్టుకొచ్చేవాళ్ళు.

"బుల్లిగా, సాయంకాలం తాడు నానిప్పుతాను. నువ్వు టీకొట్టుకాడికి పో."

బుల్లియ్య తాడు చుట్ట సర్దుతున్నాడు.

"ఇనబడిందా?"

"ఇనబడింది."

"మరి?"

"ఇనబడిందన్నాను. సెవుడు నీకా, నాకా?"

అప్పయ్య మూలుగుతూ లేచి వెళ్ళాడు.

మధ్యాహ్నం లైన్ వచ్చింది. ఊళ్ళో ఇంటర్నెట్‌ను అందరూ లైన్ అంటారు, అది ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. క్యారియరు తీసుకోవడానికి అన్నట్టు బుల్లియ్య పాకలోకి వెళ్ళాడు. జయ ఫోను మీద వంగి ఉంది. ఆమె నక్షత్రానికి పేరు లేదు, పొడుగాటి నంబరు ఉంది. అది బుల్లియ్య నోటికి రాక దాన్ని మన దీపం అంటాడు. మన దీపం రెండుసార్లు మసకబారింది. రెండుసార్లూ జయే గుర్తుపెట్టింది. మూడోది రావలసిన రోజుల కొలతలు ఇవాళ అందరికీ తెరుస్తామన్నారు. ఫోను తీసుకెళ్తే దారిలో ఎక్కడో ఒకచోట తెరిచి చూస్తారు, అందుకని ఫోను తాత దగ్గర వదిలేస్తోంది. ఇదే ఆఖరి చూపు.

వేలితో తెరను జరుపుతూ జరుపుతూ ఆగిపోయింది.

"రాలేదేటి?"

ఫోను అతని వైపు తిప్పింది. చుక్కల బారు తిన్నగా వచ్చి, మధ్యలో తెగిపోయింది. కొంత మేర తెల్లగా ఖాళీ. అవతల మళ్ళీ చుక్కలు.

"ఈ కాళీ ఏటి?"

"అప్పుడు టెలిస్కోపు ఇటు తిరిగింది తాతా, భూమికేసి. కొలిసిందంతా కిందకి పంపడానికి. అంతసేపూ నక్షత్రాన్ని సూడదు. సరిగ్గా మనది రావలసింది అప్పుడే."

"అంటే?"

"అంటే ఎవులూ సూడలేదు. రెండుతోటే ఆగిపోయింది. ఎవులూ ఒప్పుకోరు." ఫోను ఒళ్ళో పడేసింది. "నానెల్లిపోతాను. ఇంక దాన్ని సూసీవోళ్ళు కూడా లేరు."

బుల్లియ్య ఫోను తీసుకుని ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు. పువ్వు వేసిన కన్ను మూసి, మంచి కంటితో ఆ తెల్లటి ఖాళీని చూశాడు. చాలాసేపు చూశాడు.

"దాటనేదని రాసారేటి ఇక్కడ?"

"లేదు. ఏటీ రాయలేదు."

"మరింకేటి! ఎవులూ సూడనప్పుడు దాటింది. సూడనోడికి నేదని సెప్పీ రైటు నేదు."

"ఉందని సెప్పే రైటూ లేదు కదా తాతా."

"వొద్దు. సెప్పొద్దు. తెలీదని రాసుకోమను. నేదని రాత్తే మాత్రం నానొప్పుకోను." అతని గొంతు పాక దాటింది. జయ కంగారుగా అతని మోకాలు పట్టుకుంది. అతను గొంతు తగ్గించాడు, పట్టు తగ్గించలేదు. "మల్లీ ఎప్పుడు తిరుగుతాది ఆ పక్కకి?"

"ఏడాదికో, రెండేళ్ళకో."

"తిరగనీ. దీపమెక్కడికి పోద్ది? అప్పటికి నువ్వే సూద్దువు. ఎక్కడున్నా సూడు. ఈ కాడ నానుంటాను."

జయ ముఖం తుడుచుకుని, క్యారియరు విప్పి, ఇద్దరికీ అన్నం పెట్టింది. ఎండుచేపల కూర. ఇద్దరూ మెతుకు మిగల్చకుండా తిన్నారు.

సాయంత్రం ఆఖరి లాంచీ నిండుతోంది. ద్వారం దగ్గర బల్ల ముందు వరస ఉంది. కళాసీలు లాంచీ వెనకభాగానికి వెళ్ళడానికి పాక పక్క నుంచి ఒంటిచెక్క వంతెన ఉంటుంది. దాని మీద ప్రయాణికులు నడవరు, కాలు జారితే కింద బురద. జయ గుడ్డ సంచిని తాడు చుట్ట కింద పెట్టి, చుట్టను భుజాన వేసుకుని, కళాసీ నడక నడిచింది. చిన్నప్పుడు ఆడుకుంటూ నేర్చుకున్న నడక.

కోటిబాబు వెనక్కి చూశాడు. ద్వారం వైపు చూశాడు. కిళ్ళీ నమలడం ఆపాడు. రోజూ క్యారియరు తెచ్చే పిల్ల పేరు ఎత్తలేదు.

"ఏటి మావా, ఇవాళ కేరియరు కూడా లాంచీ ఎక్కిందేటి?"

"ఎక్కింది. నీడగా ఉన్న సోటు సూపించు. ఒలికిందంటే నీ గూబ పగులుద్ది."

"కొత్త కేరియరు. మూత గట్టిగానే ఉన్నట్టుంది," అని కోటిబాబు ఇంజను గది పక్కనున్న తన పరుపుచాప మీది సామాను కాలితో పక్కకు తోశాడు. జయ అక్కడ కూర్చుంది. తాత వైపు చెయ్యి ఊపలేదు. ఊపవద్దని ముందే అనుకున్నారు.

గంట కొట్టారు. బుల్లియ్య గుంజ దగ్గరికి వచ్చేసరికి అప్పయ్య చెయ్యి అప్పటికే తాడు మీద ఉంది.

"తియ్యి సెయ్యి," అన్నాడు బుల్లియ్య.

"వొద్దురా. మనోళ్ళెవులూ సేయని పని."

"మా నాన్న సేయనేదు. సేయనందుకు ఎవులొచ్చారు?"

అప్పయ్య చెయ్యి తాడు మీదే ఉంది.

"నానిప్పిన లాంచీ ఇన్నేళ్ళూ తెల్లారేసరికి ఈ గుంజకే వచ్చింది. రాని లాంచీ ఒక్కటి సెప్పు. ఇంకోడి సేత ఇప్పించింది నాకు తెలీదు. నానిప్పిందే తెలుసు. తియ్యి."

అప్పయ్య చెయ్యి తీశాడు.

పొద్దున తను వేసిన తాడు కన్ను అదే. నీళ్ళు తాగి బరువెక్కింది. లాంచీ లాగుతున్నప్పుడు తాడు బిగిసి గుంజను కొరుకుతుంది, అప్పుడు తియ్యకూడదు. అల ఒకటి వచ్చి లాంచీని ఒడ్డుకు తోసినప్పుడు ఒక ఊపిరి తీసినంతసేపు వదులవుతుంది. బుల్లియ్య ఆ వదులు కోసం ఆగాడు. వచ్చింది. ఆగాడు. లాంచీ మళ్ళీ లాగింది. అప్పయ్య తల దించుకున్నాడు. రెండో అల వచ్చింది. బుల్లియ్య రెండు చేతులతో కన్ను ఎత్తి గుంజ మీద నుంచి తప్పించి, వెనక్కి ఊగి, లాంచీ మీదికి విసిరాడు. కోటిబాబు మనిషి అందుకోవడానికి వంగేలోపు జయ లేచి దాన్ని అందుకుంది. రెండు చేతులతో గుండెకు ఆన్చి పట్టుకుంది. గౌను ముందంతా తడిసిపోయింది. తాడు మధ్యభాగం కాసేపు ఏటిలో ఈది, ఆమె చేతులవైపే వెళ్ళిపోయింది.

బుల్లియ్య ఏటికి వీపు పెట్టలేదు.

వెలుగు తగ్గింది. అవతల ఐసు ఫ్యాక్టరీ దీపం వెలిగింది, నూనె ట్యాంకుల దీపం వెలిగింది, పగోడా కొన వెలిగింది. లాంచీ దీపం పెట్టలేదు. ఆఖరి లాంచీ ఈ మధ్య దీపం పెట్టడం మానేసింది. కొంతసేపటికి అది ఏటి రంగులో కలిసిపోయింది. ఇంజను చప్పుడు కూడా గాలికి అటు తిరిగింది.

"పద, ఎల్లిపోయింది," అన్నాడు అప్పయ్య.

బుల్లియ్య కదల్లేదు. మంచి కన్ను ఐసు ఫ్యాక్టరీ దీపం మీద ఉంది. అది ఆరింది. ఆరినంతసేపూ అతను ఊపిరి తియ్యలేదు. సంపాన్ కన్నా ఎక్కువసేపు, బార్జి కన్నా తక్కువసేపు. మళ్ళీ వెలిగింది. తరువాత నూనె ట్యాంకుల దీపం ఆరి, వెలిగింది. ఆ తరువాత కాలువ నోరు.

"ఎల్లిపోనేదు. దాటింది," అన్నాడు. వేలు ఒకటి మడిచి, "ఇది ఒకటోపాలి," అన్నాడు.

అప్పయ్య అతని ముఖంలోకి చూసి, తన భుజం మీది తువ్వాలు తీసి అతని తడి చేతుల మీద వేశాడు.

సందులో కరెంటు లేదు. బుల్లియ్య మేడ మెట్లు చేత్తో తడుముకుంటూ ఎక్కాడు. గది తలుపు తీసి, ఖాళీ క్యారియరు గూట్లో పెట్టాడు. జయ ఫోను దిండు కింద పెట్టాడు. తనకా రాయి మీద పొద్దున అరగదీసి వదిలేసిన గంధం ఎండి బీటలు వారింది. వార్డు మనిషి రేపు రావచ్చు. ఏమని అడిగితే ఏమని చెప్పాలో ఇద్దరూ అనుకున్నది ఒకటుంది. అది చెప్పడు. తెలీదని చెబుతాడు. వాడు పిల్ల లేదని రాసుకుంటానంటే మాత్రం వాడి కలం పట్టుకుని ఆపుతాడు.

చాప మీద కూర్చున్నాడు. లుంగీ కొసతో వేళ్ళ సందులు తుడుచుకున్నాడు.

"మీ లాబీ!" కింద ఎవరో పిల్ల అరిచింది. కరెంటొచ్చిందన్న ఆ అరుపును ఇంటింటి నుంచీ అందుకుని సందంతా అరిచింది. బల్బు ఎర్రగా మొదలై నెమ్మదిగా తెల్లబడింది. మూయని తలుపులోంచి ఏటిగాలి వచ్చి వాసానికి వేలాడే దారాన్ని కదిపింది. చింతపిక్క బల్బు ముందు నుంచి దాటి, అవతలి చివరికి వెళ్ళి, ఒక్క క్షణం ఆగి, మళ్ళీ ఇటు బయలుదేరింది.